అడ్మిన్ గారి అరుగు

గట్ల గుర్రుగ జూడకయ్యా! ఫోను నా మొఖం మీద వెట్టి, "గ్రూపులకెల్లి నేనెట్ల బయటవడ్డ" అని నన్నడుగుతవా? పెండ్లాన్ని, నాకేం తెలుస్తది? జర కూసో. చెప్త.

చాయా? ఆగు. ముందుగాల నా గోస ఇను.

ఊరి గ్రూపుకు నువ్వు అడ్మిన్‌వి. ఆరువందల మంది ఉన్నరు అండ్ల. గుడ్ మార్నింగులు ఎక్కువైనయని లాక్ వెట్టినవ్, ఇగ నువ్వొక్కనివే రాయాలె. మంచిది. మరి తెల్లారే "ఎవలకు ఏ ఇబ్బంది ఉన్నా గ్రూపుల చెప్పుండ్రి" అని ఎందుకు వెట్టినవయ్యా? ఎట్ల చెప్తరు? నోరు గుట్టేసి పాట పాడుమన్నట్టు!

ఇగ ఏడికి వోతరు వాళ్లు? మన అరుగు మీదికే! నల్లా నీళ్లు వస్తలేవని అండాలక్క. వీధిలైటు పోయిందని సైదులన్న. జాహేదా ఆపాకైతే ఏ ఇబ్బంది లేదు, తన గులాబీ పువ్వు గుడ్ మార్నింగ్ ఫోన్ల నాకు సూపెట్టి పోతది. రోజూ వస్తది పాపం!

నువ్వేమో బండేసుకొని నారాయణపేటకు వోతవ్. అందరికి చాయ్‌లు వోసేది నేను, అందరి లొల్లి ఇనేది నేను. లీలమ్మ బిడ్డ లగ్గం చీర మగ్గం మీదనే ఉంది. శుక్రవారం లగ్గం. నాలుగు రోజులల్ల జానెడు గూడ నేయలే. నిన్న ఆ పిల్ల వచ్చి అంచు మీద చెయ్యి వెట్టి జూసి పోయింది. నాకు ఏడుపొచ్చిందయ్యా, నిజంగ.

నీకు చెప్తె ఏమన్నవ్? "ఇంటికి రావొద్దని గ్రూపుల వెడ్త తియ్" అన్నవ్. మస్తు మండింది నాకు.

అవ్, నేనే! పొద్దుగాల నువ్వు తానం జేస్తుంటే నీ ఫోన్ దీసిన. నన్ను అడ్మిన్ జేసిన. లాక్ దీసిన. ఇగ నిన్ను గ్రూపులకెల్లి బయటికి దోలిన. నువ్వు సబ్బు కడుక్కునే లోపల్నే అయిపోయింది.

సూడు, ఇయాల అరుగు మీద ఒక్కలన్న ఉన్నరా? అందరు గ్రూపులనే మొత్తుకుంటుండ్రు. నేను మూర నేసిన.

మళ్ల కలుపాల్నా? కలుపుత, చీర మగ్గం దిగినంక. గప్పటిదాక నీకేమన్న చెప్పాల్నంటె పోయి అరుగు మీద కూసోని చెప్పు, నేను ఇంట. చాయ్ మాత్రం నువ్వే వెట్టుకో.