విప్పని వైరు

హలో… ఆ, నేనేనమ్మా… ఏంటా గుసగుసలు? గట్టిగా మాట్లాడు… ఓహో, చంటిది పడుకుందా? సరే సరే, నేనూ మెల్లిగానే మాట్లాడతా… గదిలో హీటర్ పెట్టావా?… మంచి పని చేశావు. చలి చంపేస్తోంది.

మీ ఇంటికి ఇంకా బయల్దేరలేదమ్మా… షెడ్డులోనే ఉన్నా… గొంతుకేమైందా? పొగమ్మా, పొగ… అబ్బే, బీడీ కాదు! ఎప్పుడో మానేశాగా… చెప్తే నవ్వకూడదు మరి… ఒట్టు?

పొద్దున్నించీ తలుపు చెక్కలు చిత్రిక పడుతున్నా, మెషిన్ ఆపకుండా. నా ఎక్స్‌టెన్షన్ వైరు తెలుసుగా… ఆ, అదే! రీలుకి బిగించి, వరసలు వరసలుగా చుట్టి, వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోతానే, అదే. కావాల్సిన రెండు మూరలు లాగి, మిగతాదంతా చుట్టే ఉంచా. అదే కొంప ముంచింది.

చుట్ట లోపల వేడెక్కుతుందటమ్మా. విప్పి పరిస్తే ఆ వేడి గాలికి పోతుంది, బిగించి చుడితే ఎక్కడికి పోతుంది, పాపం?… ఎవరు చెప్పారా? పక్క షెడ్డు వెల్డరు. పొగ చూసి పరిగెత్తుకొచ్చాడు… నేనా? నేనేం చేస్తున్నానంటే… నవ్వనన్నావు… నీళ్ల బకెట్ ఎత్తా… ఆ, కరెంటు మీదికే! వాడు నా చెయ్యి పట్టుకుని, మెయిన్ ఆపేశాడు. లేకపోతే ఈపాటికి నీకు ఫోన్ వాడు చేసేవాడు.

నవ్వు, నవ్వు. చెప్పేవన్నీ శ్రీరంగ నీతులేగా మనవి. వైరు అలా పడెయ్యకు, శుభ్రంగా చుట్టు, అని కనపడ్డవాడికల్లా క్లాసు పీకేది నేనేగా. ఆ రోజు మీ ఆయన్ని కూడా పట్టుకుని—

అమ్మా. ఆగు.

ఆ హీటర్ దేనికి పెట్టావు?… గోడ ప్లగ్గుకేనా?… నేనిచ్చిన రీలుకా!… విప్పి ఉందా, చుట్టి ఉందా?… నవ్వులాట కాదమ్మా, చూసి చెప్పు!… చుట్టే ఉందా.

లే. ముందు లే. పిల్లనెత్తుకుని హాల్లోకి పో… లేస్తే లేస్తుంది, ఎత్తుకో!… వచ్చావా?… మెయిన్ ఆపు. వైరు ముట్టుకోకు… ఆపావా?… వాసనా? ఏం వాసన?… ప్లాస్టిక్ కమురు… అయ్యో నా తల్లీ… నీళ్లు మాత్రం పొయ్యకు, ఆ తెలివి మీ నాన్నకే చెల్లింది.

మంట లేదుగా?… సరిగ్గా చూశావా?… హమ్మయ్య. ఉండు, కూర్చుంటా.

అవునే, మీ ఆయనైనా చూసుకోవద్దూ… ఏంటీ?… రోజూ విప్పే ఉంచుతాడా? మరి ఇవాళెందుకు చుట్టాడు?… నేనొస్తున్నాననా?… నేనొచ్చిన ప్రతిసారీనా?… నేను గొణుగుతానని.

పక్కనే ఉన్నాడా? అతనికివ్వు ఫోను… బాబూ, నేను… సారీ నువ్వు చెప్తావేంటయ్యా, ఇక్కడ సిగ్గుతో చస్తుంటే! ఒక్క మాట విను. ఇకమీద నేనొస్తున్నానంటే ఇల్లు సర్దకు. హీటర్ ఎప్పుడూ గోడ ప్లగ్గుకే పెట్టు. ఆ రీలు ఇక పారెయ్. కొత్త వైరు కొంటే, వాడేటప్పుడు మొత్తం విప్పి గోడవారగా పరుచు, కాలికి అడ్డం రాకుండా. నేనేమైనా నస పెడితే, ‘వెల్డర్ని పిలవమంటారా మావయ్యగారూ’ అను. నోరు మూసుకుంటా.

ఆ ఏడుపేంటి?… చంటిది లేచిందా?… వద్దు, ఊరుకోబెట్టకు. ఫోన్ దాని దగ్గర పెట్టు… ఆ… ఏడువు తల్లీ, ఏడువు. గట్టిగా. తాతని నాలుగు తిట్టు…

పెట్టెయ్యకండి. ఇక్కడ ఛార్జింగ్ అయిపోవస్తోంది, పెడదామంటే వైరెక్కడుంది, కాల్చేశాగా… అయ్యేదాకా విననివ్వండి… ఆ… ఏడువమ్మా… ఇంకాస్త గట్టిగా…