టెస్టర్ తరువాతే దండం

1988 అక్టోబరు 3, సోమవారం ఉదయం శ్రీ మళ్ల ఎర్రయ్య గారు అనకాపల్లిలోని మన శిక్షణ కేంద్రంలో ఎలక్ట్రికల్ విభాగం బోధకులుగా చేరారు. 2025 జూన్ 30న పదవీ విరమణ చేసేనాటికి వారి సర్వీసు ముప్పై ఆరు సంవత్సరాల తొమ్మిది నెలలకు రెండు రోజులు తక్కువ. అంతకాలమూ వారు ఇదే వర్క్‌షాపులో పనిచేశారు.

తొలి పదేళ్లు వైరింగు, ఆ తరువాత మోటార్ల రీవైండింగు బోధించారు. 2006లో విభాగాధిపతి అయ్యారు. పాఠం ఏదైనా మొదటి వారం భద్రతకే కేటాయించడం వారి పద్ధతి. వర్క్‌షాపు ప్రమాదాల రిజిస్టరులో వారి హయాం నాటి పేజీలు ఖాళీగా ఉన్నాయి.

2023లో కేంద్రానికి వర్చువల్ రియాలిటీ యంత్రం వచ్చింది. తలకు తగిలించుకుంటే కళ్ల ముందు కరెంటు పేనల్ కనిపిస్తుంది. చేతిలో మీటలేవీ ఉండవు. కెమెరాలు వట్టి చేతుల కదలికలనే చదువుతాయి. మెయిన్ స్విచ్ ఆపాలి, మరెవరూ వేయకుండా దానికి తాళం వేయాలి, కరెంటు లేదని టెస్టర్‌తో చూడాలి, ఆపైనే పేనల్‌ను ముట్టుకోవాలి. వరుస తప్పితే ఎర్రలైటు వెలిగి పరీక్ష ముగుస్తుంది.

మొదటి బ్యాచ్‌లోని ఇరవై ఇద్దరిలో పందొమ్మిది మందికి ఎర్రలైటే వెలిగింది. దేవరాపల్లి నుంచి వచ్చే కనకమహాలక్ష్మి రెండుసార్లు తప్పారు. మూడోసారి తప్పితే సర్టిఫికెట్ రాదు. అది లేకపోతే అచ్యుతాపురం ఫ్యాక్టరీలో ఖాయమైన ఉద్యోగం పోతుంది.

"ఏటమ్మా, మళ్లీ ఎర్రలైటేనా?" అని ఎర్రయ్య గారు అడిగారు.

"నానింకా మొదలెట్టనేదు మాస్టారూ, అప్పుడే ఫెయిలంతంది. దానికి నా మొకం నచ్చనేదు."

యంత్రం అమ్మిన సంస్థ ఇంజనీరు సాయిరామ్‌ను పిలిపించారు. ఆయన పరిశీలించి లోపమేమీ లేదన్నారు. అప్పుడు ఎర్రయ్య గారు తామే యంత్రం తగిలించుకున్నారు. నాలుగు సెకన్లలో ఎర్రలైటు వెలిగింది.

"మాస్టారూ ఫెయిలే!" అని వెనుక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

సాయిరామ్ రికార్డింగును గోడమీద వేసి చూపించారు. ఎర్రయ్య గారి కుడిచేయి ముందు పేనల్‌ను తాకింది, కళ్లదాకా లేచింది, ఆ తరువాతే మెయిన్ స్విచ్ వైపు వెళ్లింది. పని మొదలుపెట్టే ముందు పనిముట్టును తాకి కళ్లకద్దుకోవడం మనవైపు అలవాటు. నాగలికీ, త్రాసుకూ చేసినట్టే పేనల్‌కూ చేస్తున్నాం. చేస్తున్నట్టు మనకే తెలియదు.

"ఆ సైగను పట్టించుకోవద్దని యంత్రానికి చెప్పేస్తాను సార్. పది నిమిషాల పని" అన్నారు సాయిరామ్.

"వద్దు బాబూ. ఫ్యాక్టరీలో కరెంటుకి ఎవడు సెప్తాడు, పట్టించుకోవద్దని?"

ఎర్రయ్య గారు విద్యార్థుల వైపు తిరిగారు. "ముప్పై అయిదేళ్లుగా అందరికీ వరుస సెప్తన్నాను. తప్పు నానే సేత్తన్నాను. దండం మానక్కర్నేదు. టెస్టరెట్టి సూసి, కరెంటు నేదని తేలేక ఎట్టుకోండి."

మరునాడు కనకమహాలక్ష్మి మూడోసారి పరీక్షకు నిలబడ్డారు. చేయి అలవాటు కొద్దీ పేనల్ వైపు వెళ్లింది. జానెడు దూరంలో ఆగింది. వెనక్కి వచ్చి మెయిన్ స్విచ్ ఆపింది. తరువాత తాళం, టెస్టర్. పచ్చలైటు వెలిగింది. అప్పుడామె పేనల్‌ను తాకి కళ్లకద్దుకోబోతే వేళ్లు ముఖం మీది యంత్రానికి తగిలి టక్కుమన్నాయి. ఈసారి ఎర్రయ్య గారే ముందు నవ్వారు.

ఆ బ్యాచ్‌లో ఇరవై ఒక్కరు ఉత్తీర్ణులయ్యారు. నాటి నుండి ఈ వరుసే మన మొదటి పాఠం. కనకమహాలక్ష్మి ఇప్పుడు ఆ అచ్యుతాపురం ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ విభాగంలో ఉన్నారు. ఈ వీడ్కోలు సంచిక కోసం ఫోన్ చేస్తే, "ఇప్పటికీ సెయ్యి ముందుకెల్తాదండి. మాస్టారు అరుత్తారని ఆగిపోతాది. ఆయన రిటైరైపోయేరని దానికి సెప్పకండి" అన్నారు.

అలా ఆగిన ప్రతి చేయీ పని ముగించుకుని క్షేమంగా ఇంటికి చేరుతున్నదన్న కబుర్లు వింటూ, ఎర్రయ్య గారూ వారి సతీమణి బుల్లమ్మ గారూ నిండు నూరేళ్లు ఆరోగ్యంగా ఉండాలని వర్క్‌షాపు సిబ్బంది అందరి తరఫున కోరుకుంటున్నాను.