చప్పుళ్లకి రంగులేసిన పెయింటర్

ఆ పెయింటర్ టీకొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడంటే ఎదుటివాళ్ల చేతిలో టీ చల్లారిపోవాల్సిందే. ఆ సాయంత్రం వాన కూడా పట్టుకుంది. ఎవరూ కదల్లేరు. అతనికి ఇంతకన్నా ఏం కావాలి? పొద్దున్నే పన్ను నొప్పితో డాక్టరు దగ్గర కూర్చుని ఒక పాత పత్రిక తిరగేశాడు. కొందరికి చప్పుడు వింటే రంగులు కనిపిస్తాయనీ, అంకెలకీ రంగులుంటాయనీ అందులో రాసుంది. అంతే, నొప్పి అక్కడే మర్చిపోయాడు.

"నాకు పుట్టినప్పటినుంచీ చప్పుళ్లు రంగుల్లో కనిపిస్తాయి," అన్నాడు.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం బావా?" అన్నాడు అతని దగ్గరే పనిచేసే బావమరిది.

"గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటు లేదురా."

టీకొట్టు అక్కకి పొలమారింది.

"ఒకావిడ ఇంటికి రంగులెయ్యడానికెళ్లి కాలింగ్ బెల్ నొక్కా. నిమ్మపండు పసుపు! అదే హాలుకి కొట్టా. నా మనసులో మాట నీకెలా తెలిసిందయ్యా అంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్ల మామగారికి పిడుగు పడ్డా వినబడదు. ఆయన గదిలో ఒక పాత పాట మొత్తం రంగుల్లో వేశా, పల్లవి ఒక గోడకి, చరణాలు మూడు గోడలకి. పెద్దాయన గోడలు చూస్తూ తాళం తప్పకుండా పాడేశాడు!"

"మరి తలుపు దగ్గర గోడ ఉండదుగా?" అన్నాడు బావమరిది.

"అక్కడ ఊపిరి తీసుకున్నాడు."

ఇక్కడ ఆపితే బాగుంటుందని పెయింటర్‌కి తెలుసు. కానీ నోరు ఎప్పుడు మాట విన్నది గనక!

"దాంతో బడివాళ్లు పిలిచారు. ప్రహరీకి వాన చప్పుడు వేశా. దారిన పోయేవాళ్లు గొడుగులు విప్పేశారు. మూడోరోజుకి కప్పలొచ్చాయి. ఆ తర్వాత రైల్వేస్టేషన్లో కూత రంగు కొట్టానా, తడి ఆరకముందే రైలు బయల్దేరింది. డ్రైవరేమో కిందే టీ తాగుతున్నాడు!"

"అయ్యో, మరి ఆగిందెలా?" అంది అక్క.

"నేనే బకెట్ పట్టుకుని పరిగెత్తి, రైలుని దాటి, తర్వాతొచ్చే స్టేషన్ గోడకి నిశ్శబ్దం వేశా. ఒంటి చేత్తో!"

మూలన కూర్చున్న టైలరమ్మ మొదటి మాటకే గ్లాసు కింద పెట్టేసింది. అప్పటినుంచీ రెప్ప వెయ్యకుండా అతన్నే చూస్తోంది. తన కథ బాగా పట్టేసిందనుకున్నాడు పెయింటర్.

"అన్నయ్యా, పక్కింట్లో మిక్సీ తిరుగుతుంటే నీకు ఇబ్బందిగా ఉండదూ?" అందామె.

"ఇబ్బందా! ఇంద్రధనుస్సు చెల్లెమ్మా!"

ఆమె మొహం వాడిపోయింది.

"నాకైతే ముదురు గోధుమరంగు పొగ అడ్డొస్తుంది. సూదిలో దారం ఎక్కదు. అది ఆగేదాకా మిషను ఆపేసుకుని కూర్చుంటాను. రెండో తరగతిలో ఏడు అంకె ఆకుపచ్చగా ఉంటుందన్నానని పంతులమ్మ బెత్తం విరిగేలా కొట్టింది. ఆ తర్వాత మా ఆయనకి కూడా చెప్పలేదు. నువ్వు మొదలెట్టగానే, నాలాంటివాళ్లు ఇంకొకళ్లున్నారని ప్రాణం లేచొచ్చింది. కానీ అన్నయ్యా, ఇది నిజంగా ఉన్నవాళ్లు ఒక్కసారైనా విసుక్కుంటారు. నువ్వు రైలుని దాటావు గానీ, ఒక్కసారీ విసుక్కోలేదు."

పెయింటర్ కాలు మీంచి కాలు దించాడు.

"పత్రికలో చదివా చెల్లెమ్మా," అన్నాడు నేల చూస్తూ. అయినా ఉండబట్టలేక అడిగాడు. "మరి... నా గొంతు ఎలా కనిపిస్తుంది?"

"చెప్పమంటావా?"

"చెప్పు."

"చెమ్మగోడకి వేసిన రంగులా. నువ్వు మాట్లాడుతున్నంతసేపూ పొరలు పొరలుగా రాలుతుంటుంది."

బావమరిది బల్ల మీంచి జారిపడేలా నవ్వాడు. పెయింటర్ చటుక్కున లేచి నిలబడ్డాడు.

"ఏమైనా అను, అది మాత్రం అనకు! ఇరవై రెండేళ్లలో చెమ్మగోడకి బ్రష్ తాకించలేదు నేను!"

టైలరమ్మ తల వాల్చి, అతని నోటి ముందు గాలిని కాసేపు పరీక్షగా చూసి, మొదటిసారి నవ్వింది.

"ఇదిగో, ఈ మాట మాత్రం రాల్లేదన్నయ్యా."