గిన్నెల మీది పేర్లు

"తాతా, సలోమత్తకు చదవడం నువ్వే నేర్పినావంట గదా? మా అంగన్‌వాడీలో అట్లాంటి బిడ్డే చేరింది. యాడ్నుంచి మొదలుపెట్టల్ల?"

డెబ్బై ఎనిమిది, ఎండాకాలం. అది రాసుకో సునీతమ్మా. నేను నేర్పినా అని మాత్రం రాసుకోవద్దు. ఎవురు చెప్పినారు నీకు, మీ నాయనా? వానికేం తెలుసు? అప్పుడు వాడు బడి ఎగ్గొట్టి గోలీలాడుకుంటాండె.

చెప్తా, ఉండు. ఆ దిండు ఇట్లియ్యి.

మీ అత్త డెబ్బై ఒకటిలో పుట్టె. మెడ నిలబడేకే ఏడాది పట్టె. నాలుక మందం, మాట ముద్దగా వస్తాండె. మీరిప్పుడు డౌన్ సిండ్రోమ్ అంటాండారు. అప్పుడు ఆ పేరు మాకు యాడ తెలుసు? కర్నూల్లో ఒక డాక్టరు చూసి, "ఈ బిడ్డకు అన్నం పెట్టుకోండి, బట్ట కట్టుకోండి, చదువు గిదువు అని ఆశ పెట్టుకోవద్దండి" అన్నాడు. నాకు రోషమొచ్చె. నేనెవురు? ఆళ్లగడ్డలో రాత్రిబడి సారును. పగలు మిల్లులో శెనక్కాయల తూకం, పొద్దుగూకినాంక చర్చి వసారాలో లాంతరు పెట్టి కూలోళ్లకు అక్షరాలు. తల నెరిసినోళ్ల చేత అ ఆ లు పలికించినోన్ని, నా బిడ్డ చేత పలికించలేనా?

అప్పుడు ఇంకో పద్ధతి లేదమ్మా. ఇసుక పరిచేది, బిడ్డ వేలు పట్టుకునేది, దిద్దించేది. ఐదో ఏట కూచోబెట్టినా. అ. మళ్లా అ. అది పలికేది కాదు, వేలు లాక్కునేది. నేను ఇంకా గట్టిగా పట్టుకునేవాన్ని. వేలి కొనలో తోలు లేచిపోయి నెత్తురొచ్చిన దినాలు ఉండాయి. మీ అవ్వ ఎస్తేరమ్మ అడ్డమొస్తే, "నీకు అక్షరం ముక్క రాదు, నువ్వు నాకు చెప్పేదానివా?" అంటి. ఊరందరికీ చెప్తి, ఇంట్లో మనిషికి చెప్పలే. తనకూ నేర్పమని అడిగింది గూడా ఒకసారి. వంటెవురు చేస్తారంటి. సరే, అది వేరే ముచ్చట.

రెండేండ్లు. రెండేండ్లూ ఒక్క అ దాటలే. ఏడేండ్లు వచ్చె, బడిలో వేయల్ల. పెద్దయ్యవారి దగ్గరికి తీసకపోతే ఆయన దాన్ని ఎగాదిగా చూసి, "జూన్లో బడి తెరిచేనాటికి ఏదన్నా చదివితే పేరు రాసుకుంటాప్పా. చదవకుంటే మళ్లా నా దగ్గరికి తేవద్దు" అన్నాడు. అంటే మూడు నెలలు. అంతే, మూడు నెలల్లో కాకపోతే ఇంట్లోనే, గోడవార, చచ్చేదాకా.

ఆ ఎండాకాలంలోనే మా తమ్మునికి పెండ్లి. వీధందరికీ మా ఇంట్లోనే భోజనాలు. ఇప్పట్లా సామాన్లు బాడిక్కి తెచ్చేది లేదు గదా, ఐదారిండ్ల నుంచి గుండిగలు, తపేలాలు, పళ్లేలు, చెంబులు అడిగి తెచ్చుకునేది. కలిసిపోకుండా గిన్నె మీద ఇంటామె పేరు కొట్టించి ఉంటారు, చుక్కలు చుక్కలుగా. నంద్యాలలో పాత్రల అంగడి ముందర ఒక సాయిబు కూచోని కొడతాండె, అక్షరానికి ఐదు పైసలు. నంద్యాలకు బస్సు చార్జీ రూపాయిన్నర. కాదు, రూపాయి పావలానేమో... యాడికో పోతాండా.

పెండ్లయిన మర్సటి దినం మధ్యాన్నం నేను మిల్లు నుంచి సంగటి తినేకి ఇంటికొచ్చినా. వాకిట్లో కడిగిన గిన్నెలన్నీ ఒకటే కుప్ప. మీ అవ్వ గడప మీద కూచోనుంది, సలోమి కుప్పలో నుంచి ఒక్కోటి ఎత్తి వేరే వేరే చోట పెడతాంది.

"దాన్నెందుకు పెట్టుకున్నావే? తారుమారు చేస్తాది. మళ్లా పక్కింటి దీనమ్మ మన వాకిట్లోకొచ్చి నా చెంబేదని అరుస్తాది!" అంటి.

"తారుమారు నేను చేస్తే అయితాది. అది చేస్తే ఒక్కటి తప్పదు. మూడు పెండ్లిండ్ల నుంచి అదే పంచుతాంది. నువ్వెప్పుడు చూసినావులే!" అనె మీ అవ్వ.

నేను నవ్వినా. గిన్నె సొట్ట చూసో, రంగు చూసో చెప్తాందిలే అనుకున్యా. ఒకే అంగట్లో కొన్న పళ్లేలు రెండు తీసినా, అచ్చం ఒకటే మాదిరివి. ముందర పెట్టినా. అది వంగి, పేరు మీద చెయ్యి ఆనించి, "దీనత్త" అనె. రెండోది తిప్పి చూసి, "ఓబులత్త" అనె. రెండూ కరెక్టే.

పొయ్యి కాడికి పోయి బొగ్గు తెచ్చినా. గిన్నె అనేదే లేకుండా వట్టి బండ మీద 'మరియమ్మ' అని రాసినా. అది చూసె. నన్ను చూసె. నేను వేలు గట్టిగా పట్టుకుంటానేమోనని చేతులు ఎనక్కి పెట్టుకోని, "మరియత్త" అని మరియమ్మ ఇంటి దిక్కు గడ్డం చూపించె.

సునీతమ్మా, చేతిలో బొగ్గు చేతిలోనే ఉంది. రెండేండ్లు అ రాని బిడ్డమ్మా! అ రాకుండా మరియమ్మ ఎట్లొచ్చె? నేను ఊరికి చెప్పే చదువులో అది జరిగేది కాదు. మొండోన్ని గదా, నమ్మకుండా, దీనమ్మ పేరులో నుంచి ఒక్క 'దీ' మాత్రం రాసి ఇదేంది చెప్పు అంటి. అది దాని దిక్కు చూసె, వాళ్లమ్మ దిక్కు చూసె, చెంబుతో నీళ్లు తెచ్చి పోసి తుడిచేసె!

"ఎట్ల నేర్పినావే?" అని మీ అవ్వను అడిగితి. ఆ గొంతుతో ఆమెను ఏదీ అడిగింది లేదు అంతకుముందు.

"నేనేం నేర్పలే. గిన్నెలిచ్చేకి పోతే నా ఎంబడి వస్తాండె. పేరు మీద దాని చెయ్యి పెట్టి, ఇది దీనత్తది, దీనత్తింటికి పోదాం అంటాంటి. ఆడ బెల్లం పెడతారు. నాకేమో చదవరాదు, సొట్ట చూసి చెప్తా. అది పేరు చూసి చెప్తాది."

ఆ దినం మిల్లుకు మళ్లా పోలే. చెప్పుల డబ్బా అట్టలు కోసి మాటలు రాసినా. అమ్మ, నాయన, అన్నం, నీళ్లు, కోడి. ఒక్కో మాటకు రెండు అట్టలు. మీ అవ్వను పక్కన కూచోబెట్టుకోని, ఆమె చెప్పినట్టే చేసినా: మొదట అదే మాదిరిది వెతికి జత పెట్టమనేది, తర్వాత మాట చెప్పి ఆ అట్ట ఇయ్యమనేది, ఆఖర్న అట్ట చూపించి ఇదేందని అడిగేది. నువ్వు గూడా మొదటే చెప్పమనొద్దు, ఇయ్యమను. నోరు తిరగని బిడ్డకు చెయ్యి చెప్తాది. జూనుకు నలభై మాటలు.

బడికి తీసకపోతి. పెద్దయ్యవారు బోర్డు మీద అ రాసె. సలోమి గమ్మునుండె. "ఏందప్పా?" అన్నాడు. నేను అట్టలు పరిచినా. చదివె, ఒకటి ఎనక ఒకటి. ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకోని, "ఇది గుర్తు పట్టడం, చదవడం కాదు" అన్నాడు.

"అయ్యవారూ, మీ పేరు మీరు కూడబలుక్కోని చదువుతాండారా?" అంటి.

ఆయన రిజిస్టరు తెరిచి పేరు రాసుకున్నాడు.

నేనింకా బడి వాకిట్లోనే ఉండా. టీచరమ్మ అందరికీ పలకలిచ్చె. సలోమికి ఒకటిచ్చి, బలపం పట్టిద్దామని వేలు పట్టుకునె. ఆ బిడ్డ రెండు చేతులూ చంకల్లో దాచిపెట్టుకోని ఒకటే కేక. బడంతా నవ్విరి. టీచరమ్మకు అర్థం కాలే. నాకయింది. నేను బయటికొచ్చేస్తి.

అక్షరాలు గూడా తర్వాత మెల్లగా తెలిసె, మాటల్లో నుంచే, పదేండ్లు దాటినాంక. నీ చేతి కింద ఆ బిడ్డ ఇంకా బేగా నేర్చుకోవల్ల. నువ్వు చల్లగుండల్ల తల్లీ.

రాసుకున్నావా? ఇంకొకటి రాసుకో. మీ అత్తకు యాభై దాటె. బస్సు బోర్డు చదువుతాది, పేపర్లో పెద్దచ్చు చదువుతాది, చర్చిలో పాటల పుస్తకం చదువుతాది. రాయడం రాదు. బలపం గానీ పెన్ను గానీ ఒక్క దినం పట్టలేదు, ఎవుర్నీ వేలు పట్టుకోనియ్యదు. పింఛను కాయితం మొత్తం తానే చదువుకోని, కింద వేలిముద్ర వేస్తాది.