చాడీల డబ్బీ

"అమ్మమ్మా, నీ కడుపు మీద ఈ డబ్బీ ఏంది?"

అడిగినవా, కూసో మరి. ఇది మందు డబ్బీ బిడ్డా. రెట్టకు అతికించిన ఈ బిళ్ళ షుగర్ ఎంతున్నదో ఎప్పటికప్పుడు చెప్తది. దాన్ని బట్టి డబ్బీ ఇన్సులిన్ ఎక్కిస్తది, షుగర్ తగ్గితే ఆపుతది. ఇంతకుముందు సూదులే. మీ మామ ఇచ్చేటోడు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీల బోల్టులు బిగిచ్చే చెయ్యి కదా, సూది గుడ అట్లనే బిగిచ్చేటోడు.

నిరుడు సూది తీసుకొని, తినకుండ అల్లం చేనుకు పోయిన. షుగర్ పడిపోయి సాళ్లల్లనే పడ్డ. అగో, అప్పటిసంది నన్ను ఒక్కదాన్ని గడప దాటనియ్యలే. బెల్లం గానుగకు పోవుడు బందైంది. దానికే నా పాణం కొట్టుకున్నది. ముప్పై ఏండ్లసంది ఖాజామియా గానుగ కాడ పాకం సూశేది నేనే, ఎరికేనా? సల్లనీళ్లల్ల ఇంత పాకమేసి, చేతి ఏళ్లతోని ఉండ జేసి, 'దించుండ్రి' అంటేనే దించాలె. నేను పోని యాడాది ఆయన బెల్లానికి ఎడ్లు గుడ ముఖం తిప్పుకున్నయంట. నేనైతే సూడలే.

ఈ డబ్బీ వచ్చినంక మీ అత్త, అదే నా కోడలు అనసూయ, "పో అత్తమ్మా. తినేముందు ఎంత తింటున్నవో డబ్బీల కొట్టు" అన్నది. పోయిన. ఉండ జేసిన. చెయ్యి నోటికాడికే పాయె. మూడుండలు తిన్న... కాదు, నాలుగు. డబ్బీకి చెప్పలే. చెప్తేనే కదా తెలిసేది అనుకున్న. కోహీర్ ఊర్ల ఉన్న మా చెల్లెకు గుడ షుగరే. జాంపండ్లు తిని, 'పండ్లు కాదక్కా, కాయలే' అంటది. మా ఇంటి తీరే అంత.

గంటకు ఖాజామియా ఫోన్ మోగింది. అనసూయ!

"అత్తమ్మా, బెల్లం తిన్నవా?"

"లేదు బిడ్డా, సూశిన."

"సూస్తేనే మూడొందలైతదా షుగరు?"

బిళ్ళ ఈ డబ్బీకి చెప్పేదంత, డబ్బీ అనసూయ ఫోన్లకు గుడ చేరేస్తదంట! నలభై ఏండ్లు ఊరందరి ముచ్చట్లు నేను మోస్తే, నా ముచ్చట మోసేదాన్ని నా కడుపుకే అతికించిన్రు. ఖాజామియా పొయ్యి కాడ కూసోని నవ్వుడే నవ్వుడు. "నాగమ్మక్కా, నీకు జోడు దొరికింది!" అన్నడు.

ఇగ గానుగ మల్ల బందే అనుకుంట ఇంటికొచ్చిన. అనసూయ కొట్లాడలే. "పోవద్దంటలేను అత్తమ్మా. ఒక్క ఉండ తిను, చెప్పి తిను. దొంగతనంగ తింటే ఎంత మందు ఇయ్యాలెనో డబ్బీకెట్ల తెలుస్తది?" అన్నది. కోడలు మంచిదే. నేనన్న అని ఆమెతోని అనకు, నెత్తికెక్కుతది.

రేపు గుడ పాకమున్నది, పోవాలె. నువ్వు నూరేండ్లు సల్లగుండు బిడ్డా. ఆ సంచిల కొత్త బెల్లమున్నది, తీసుకో. నాకు గుడ ఇంత... ఆగు ఆగు, ముందు దీనికి చెప్పనియ్యి...