లాలాపేట్ దాకా ఎగిరిన గరిజెలు

మా నాచారం వీధిలో బుచ్చిరాములు మాట మొదలుపెట్టాడంటే చేతిలో చాయ్ చల్లారిపోవాల్సిందే, లేచి వెళ్ళినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో బాయిలర్ నడిపి రిటైరైన మనిషి. బాయిలర్ ఆగినా ఆయన నోటి ఆవిరి ఆగలేదని వీధిలో నవ్వుకునేవాళ్ళు. కోతలని అందరికీ తెలుసు. తెలిసీ వింటుంటే కళ్ళు పెద్దవయ్యేవి. భగవంతుడు ఒక్కొక్కరికి ఒక్కో విద్య ఇస్తాడు, ఆయనకు ఇచ్చింది అది. కానీ మొదటి శ్రావణ శుక్రవారం తెల్లారితే ఉందనగా, గురువారం సాయంత్రం ఆయన కోసిన కోత కోడలు స్వర్ణలత మెడకు చుట్టుకుంది.

ఆ ఇంట్లో శ్రావణ శుక్రవారం అమ్మవారికి పండు గరిజెలు పెట్టడం బుచ్చిరాములు తల్లి నాటి ఆచారం. అందరిలా కొబ్బరి, పుట్నాల పొడి కూరేది కాదు ఆ ముసలమ్మ. అరటిపండు, అనాసపండు బెల్లంలో దగ్గరపడేదాకా ఉడికించి, పూరీలో పెట్టి, అర్ధచంద్రంలా మడిచి, అంచు అల్లి నూనెలో వేసేది. పండు తడికి గరిజె విచ్చుకుందంటే నూనె చిటపటమంటూ ముఖం మీదికి వస్తుంది. ఆమె చేతిలో మాత్రం ఒక్కటీ విచ్చుకునేది కాదు. ఆమె పోయాక బుచ్చిరాములు భార్య వెంకటనర్సమ్మ అంత పనీ నెత్తినేసుకుని చేసింది. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక, గంటన్నర పొయ్యి ముందు నిలబడలేక, "ఈ ఏడు రెండు అరటిపండ్లు పెట్టి దండం పెట్టుకుందాం తియ్యి" అనేసింది.

స్వర్ణలత మనసు అందుకు ఒప్పుకోలేదు. ఆమెకు ఆ ఇంట్లో అదే మొదటి శ్రావణం. తాను వచ్చిన ఏడే అమ్మవారి గరిజెలు ఆగిపోయాయంటే ఎట్లా? మందుల ప్యాకింగ్‌లో డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి మూడవుతుంది, ఐదింటికి దీపం పెట్టాలి. ఆ రెండు గంటల్లో అయ్యే దారి ఒక్కటే, తన జీతంతో కొనుక్కున్న ఎయిర్ ఫ్రయర్, నూనె లేకుండా వేడి గాలితో కాల్చే మిషన్. కొత్త కోడలూ అత్తా ఆషాఢంలో ఒక గడప తొక్కకూడదు కదా. స్వర్ణలతకు డ్యూటీ మానుకుని పుట్టింటికి వెళ్ళే వీలు లేకపోతే, వెంకటనర్సమ్మే భువనగిరిలో చెల్లెలింటికి వెళ్ళి నెల రోజులు ఉంది. ఆ నెలలోనే మిషన్ ఇంటికి వచ్చింది. మొన్న శనివారం స్వర్ణలత ఆరు గరిజెలు చేసి చూసింది. పన్నెండు నిమిషాలు పట్టింది. ఒక్కటీ విచ్చుకోలేదు.

పొద్దున బస్సు దిగివచ్చిన అత్తకు ఈ సంగతి చెబితే ఆమె అడిగింది ఒక్కటే మాట.

"దాంట్ల నీసు తగిలిందా?"

కోడి, మాంసం వండిన గిన్నె ఆ ఇంట్లో దేవుడి దగ్గరికి రాదు. ఎన్నిసార్లు తోమినా రాదు.

"లేదత్తమ్మా, ఒట్టు."

"నేను లేని నెల, ఇంట్ల తండ్రి, కొడుకు ఇద్దరు మొగోళ్ళు," అంటూ నిట్టూర్చింది వెంకటనర్సమ్మ. "పొద్దుగూకినంక చెప్త."

పొద్దుగూకే వేళకు గేటు లోపల కుర్చీలు పడ్డాయి. ఆటో నడిపే మేనల్లుడు దుర్గేష్, మూల మీది కిరాణా కొట్టు ఉపేందర్, పక్కింటి భూషణం గారు వచ్చి కూర్చున్నారు. భూషణం గారిది గుంటూరు వైపు, ఉప్పల్ దగ్గర సర్కారు ల్యాబులో సైంటిస్టుగా చేసి రిటైరయ్యారు. గడపలో వెంకటనర్సమ్మ కాళ్ళు చాపుకుని రేపటి వత్తులు చేసుకుంటోంది. చాయ్ తెచ్చిన కోడలితో బుచ్చిరాములు గొంతు తగ్గించి, "నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా, మీ అత్తను ఒప్పిచ్చే బాధ్యత నాది," అన్నాడు. స్వర్ణలతకు సంతోషమూ వేసింది, ఆయన కోతలు తలుచుకుంటే భయమూ వేసింది.

"ఇనుర్రి," అని మొదలుపెట్టాడాయన. "మొన్న శనివారం పొద్దుగాల కూసోని అనుకున్న, మా అమ్మ పండు గరిజెలు ఈ మిషన్ల ఎందుకు కావు అని. బాయిలర్ నడిపినోనికి ఈ డబ్బా ఎంత? ఒక అనాసపండు కోసిన, రెండు అరటిపండ్లు పిసికిన, బెల్లమేసి దగ్గరపడేదాక తిప్పిన, ఆరంటే ఆరు గరిజెలు మడిచి లోపల వెట్టిన. పన్నెండు నిమిషాలు. టింగుమన్నది. అంతే ముచ్చట."

చేసిన మనిషి మారింది తప్ప మిగతాదంతా నిజమే కదా అని స్వర్ణలత ఊరుకుంది.

"బాగా కుదిరాయా అండీ?" అన్నారు భూషణం గారు.

"కుదురుడా? ఆ తర్వాత ఏమైందో తెలుసా సారూ? కిటికీ సందుకెల్లి వాసన బయటికి వోయింది. మన వీధిల ఏడు కుక్కలున్నయి చూడు, పొద్దస్తమానం కొట్లాడుకునేటివి, అవి వచ్చి గేటు ముందట బడి పిల్లల లెక్క వరుసగ కూసున్నయి. ఒక్కటి మొరగలే. పాలాయన వచ్చిండు, పాలు పొయ్యబోయి అట్లనే ముక్కు పైకెత్తి నిలవడ్డడు, నిలవడ్డోడు నిలవడ్డట్టే ఉన్నడు, ఇగ తెలివికొచ్చి గిన్నెలకు చూసుకునేవరకు పాలు పెరుగైనయి."

"అరె!" అన్నాడు ఉపేందర్. "అందుకేనా శనివారం నా కొట్టుకు పాలు రాలే?"

"మరి! నీకు పెరుగే పొయ్యాలె గద. సరే, వాసన అంతటితోటి ఆగుతదా? నాచారం దాటింది, హబ్సిగూడ దాటింది, ఉప్పల్ రింగ్ రోడ్డు మీదికి వోయింది. పైన మెట్రో వస్తున్నది. ఆగింది! స్టేషన్ల కాదు, స్టేషన్‌కు స్టేషన్‌కు నడుమ. లోపలి జనమంతా ఒక్కదిక్కు జరిగి అద్దాలకు ముక్కులు ఆనిచ్చిన్రు, ఆ బరువుకు రైలు కాయలు పట్టిన కొమ్మ తీరు నాచారం దిక్కు వంగింది."

"పడలేదా మామా?" దుర్గేష్ చాయ్ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"పడనిస్తనారా? నేను జల్ది ఉరికి కిటికీ మూసిన. వాసన ఆగింది, రైలు నిటారుగ నిలవడ్డది."

"శనివారం నేను ఆ మెట్రోలోనే వచ్చానండీ," అన్నారు భూషణం గారు నెమ్మదిగా.

"ఎన్నో పెట్టె సారూ?"

"మూడోది."

"వంగినయి ముందటి రెండే."

భూషణం గారు తల ఊపారు. సైంటిస్టు అయినా ఆయనకూ ముందు ఏమైందో వినాలని ఉంది.

"మూసిన కిటికీ మల్ల తెరవకుంటే నాకు ఊపిరాడతదా? తెరిచిన. ఈసారి వాసన ఇంకో తోవ వట్టింది, సీదా స్టేడియంకు. ఆడ మ్యాచ్ నడుస్తున్నది. ఒక పిలగాడు బౌండరీ మీద క్యాచ్ కింద నిలవడ్డడు, బంతి దిగుతున్నది, స్టేడియమంత లేచి చూస్తున్నది, గప్పుడు తగిలింది వానికి వాసన. వాడు బంతిని ఇడిసి, చేతులు అట్లనే దోసిలి పట్టుకోని, ముక్కు ఎటు గుంజితే అటు నడుసుకుంట గేటు దాటిండు. అంపైర్‌కు ఔటనాల్నో సిక్సనాల్నో తెల్వలే. రెండు చేతులెత్తి నాచారం దిక్కు దండం వెట్టిండు."

ఎవరూ నవ్వలేదు. వింటున్నవాళ్ళ ముఖాల్లో పిల్లలు రథం చూసేటప్పటి వెలుగు వచ్చింది. కెటిల్ పట్టుకుని నిలబడ్డ స్వర్ణలతకు కూడా, తాను చేసిన ఆ ఆరు గరిజెలే ఇవన్నీ చేశాయేమో అనిపించి ఒళ్ళు ఝల్లుమంది.

"ఇదంతా ఒక ఎత్తు," బుచ్చిరాములు గొంతు తగ్గించాడు. "అసలు ముచ్చట ఇంక చెప్పలే. రెండో వాయ ఏసిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ మిషన్ల ఏముంటది? వేడి గాలి. నూనె బరువు లేదు. టింగుమన్నది. తీసి పళ్ళెంల వెట్టి చెంబు కోసం ఇట్ల తిరిగిన, అట్ల చూసేవరకు ఒక గరిజె కదిలింది. కదిలి, లేసింది. దాని ఎనక ఇంకొకటి. బంగారం రంగుల, అర్ధచంద్రాలు, కొంగలు వోయినట్టు ఒకదాని ఎనక ఒకటి కిటికీల నుంచి పోయినయి."

"ఎగిరినయా?" అన్నాడు ఉపేందర్ గుసగుసగా.

"గాలితోటి కాలిన వస్తువు గాల్ల ఎగరకపోతే ఏం జేస్తది? చెరువు మీద ఒక చుట్టు తిరిగినయి, నీళ్ళల్ల నీడలు చూసుకున్నయి, చూసుకోని లాలాపేట్ ఫ్లైఓవర్ మీదికి వోయినయి. బండ్లన్ని ఆగినయి. హారన్ కొట్టినోడు లేడు. స్కూటర్ మీద ఒక పిల్ల హెల్మెట్ తీసి కొంగు లెక్క పట్టింది, పదకొండు పడ్డయి దాంట్ల. ఒక ముసలాయన దోసిలి పడితే ఆయన దోసిట్ల ఒక్కటి దిగింది, మెల్లగ, పిట్ట వాలినట్టు. ఆయన తినలే. కండ్లకద్దుకున్నడు."

దుర్గేష్ తలెత్తి ఆకాశంలోకి చూశాడు. ఉపేందర్ చూశాడు. కాసేపాగి భూషణం గారూ చూశారు. గడపలోంచి వెంకటనర్సమ్మ గొంతు మెత్తగా వినిపించింది. "మా అత్త గరిజె గూడ అట్లనే ఉంటుండె. చేతుల పట్టుకుంటే బరువు తెలిసేది కాదు. అమ్మవారి వస్తువు, ఎగిరినా ఎగురుతది."

స్వర్ణలత గుండె కుదుటపడ్డది. అత్త ఒప్పుకున్నట్టే. మామయ్య అక్కడితో ఆపితే చాలు.

"మామా," అన్నాడు దుర్గేష్, "గరిజెలేనా, కోడి గూడ పడ్తదా దాంట్ల?"

"కోడా?" బుచ్చిరాములు కుర్చీలో ముందుకు జరిగాడు. ఆ ఊపులో ఆయనకు గడప గుర్తులేదు, శుక్రవారం గుర్తులేదు. "కోడేందిరా, మొన్న ఆదివారం పొట్టేలు కాలు నిలవెట్టి కాల్చిన దాంట్ల! ఇంత పొడుగు! నాలుగు నాటుకోళ్ళు ఒక్క వాయల! ఆ పొగకు చిల్కానగర్ల మబ్బు పట్టి బట్టలారేసినోళ్ళు లోపలికి తీసుకున్నరు!"

వెంకటనర్సమ్మ చేతిలో వత్తి ఆగిపోయింది. మోకాలి మీద చెయ్యి ఆన్చి మెల్లగా లేచింది.

"స్వర్ణా, రేపటికి అరటిపండ్లు తెప్పియ్యి," అంది. కోపంగా కూడా అనలేదు. స్వర్ణలతకు అది ఇంకా కష్టంగా తోచింది.

పొద్దున పెట్టిన ఒట్టు నలుగురి ముందు అబద్ధమైపోయింది. బుచ్చిరాములుకూ అర్థమైంది. ముగ్గురు నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే ఆడిన మాట వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాదు. మామయ్యది అబద్ధమని కోడలు అనడానికీ వీల్లేదు. ఆ ఇంట్లో పెద్దవాళ్ళను నలుగురిలో కాదన్న కోడలు అంతవరకు లేదు. తల్లీ, నువ్వే మాట అందించు అనుకుంది స్వర్ణలత. మామయ్య గ్లాసులో ఇంకాస్త చాయ్ పోసి, తలొంచుకునే అడిగింది.

"మామయ్యా, పొట్టేలు కాలు అంత పొడుగుండె గద, మూత ఎట్ల పట్టింది?"

దారి దొరికినట్టు బుచ్చిరాములు ముఖం విచ్చుకుంది. "మంచిగ అడిగినవ్ బిడ్డా! యాడ పట్టింది? మూత తీసి పైకెల్లి ఏసిన, సగం కాలు బయటికే ఉన్నది. మూత మీద పది కిలోల ఇనుప గుండు వెట్టి నొక్కిన. మల్ల తువ్వాలు మడత వెట్టి మూత తీస్తుంటే ఆవిరి గుప్పుమని నా మీసాలు సగం కాలినయి!"

స్వర్ణలత కెటిల్ కింద పెట్టి లోపలికి వెళ్ళింది. మిషన్‌ను రెండు చేతులా ఎత్తుకొచ్చి ఖాళీ కుర్చీలో పెట్టింది. అత్త వైపు తిప్పి, ముందున్న పిడి పట్టుకుని లాగింది. బీరువా సొరుగులా అడుగు భాగం ముందుకు వచ్చింది. అందులో జాలీ గిన్నె, దాని మూల గట్టిపడిన బెల్లం చుక్క.

వెంకటనర్సమ్మ దగ్గరికి వచ్చి మిషన్ నెత్తిన అరచెయ్యి వేసి నిమిరింది. అంతా నున్నగా, ఒక్కటే పలక.

"మూతేది?" అంది.

"అన్నా, దీనికి మూతే లేదు గదనే!" అన్నాడు ఉపేందర్.

"మరి ఇనుప గుండు దేని మీద పెట్టినవ్ మామా?" దుర్గేష్ తొడ చరుచుకున్నాడు. భూషణం గారికి చాయ్ పొలమారింది.

వెంకటనర్సమ్మ నవ్వలేదు. "ఏమయ్యా, ఇది దేవుని ముచ్చట. కోతలొద్దు. ఈ మిషన్‌ను నువ్వు ముట్టినవా?"

బుచ్చిరాములు సొరుగును చూశాడు, కాలని మీసం మీద చెయ్యి వేసుకున్నాడు, కళ్ళనీళ్ళతో నిలబడ్డ కోడలిని చూశాడు. ఇన్నేళ్ళలో ఆయన ఒక్క కోతనైనా వెనక్కి తీసుకోవడం ఎవరూ చూడలేదు.

"ముట్టలే," అన్నాడు. "కాలు లేదు, కోడి లేదు. అసలు ముట్టనే లే."

వెంకటనర్సమ్మ వంగి జాలీ గిన్నెను వాసన చూసింది. "అనాసపండే," అని కోడలి భుజం పట్టుకుని లేచింది. "పొద్దుగాల పిండి తడిపివెట్టి డ్యూటీకి పో బిడ్డా. నువ్వొచ్చేవరకు పండ్లు నేను ఉడికిచ్చి పెడ్త, స్టూలేసుకోని కూసుండి చేసే పనే గద. వాయకు ఎన్ని పడ్తయి?"

"ఆరు, అత్తమ్మా." స్వర్ణలత కళ్ళు తుడుచుకుంది.

"ఆరేనా?" బుచ్చిరాములుకు ప్రాణం లేచివచ్చింది. "అరె, మొన్న శనివారం నేనొక్కణ్నే ఆరిటికి ఆరు..."

అందరూ ఆయన వైపు తిరిగారు.

"...తిన్న," అన్నాడు.