హద్దుకి అర్థం చెప్పిన మూర్తి

గుడివాడ రైల్వే గేటు దగ్గర జీవరత్నం టీకొట్టు బల్ల మీద కూర్చుంటే చాలు, రిటైరైన గుమాస్తా గోపాలకృష్ణమూర్తికి ఎక్కడలేని హుషారూ వస్తుంది. ఇంట్లో ఆయన నోరు విప్పితే టీవీ సౌండు పెంచుతారు. ఇక్కడైతే నలుగురు వింటారు.

"మాటలకి అసలు అర్థాలు కనిపెట్టింది నేనేనయ్యా," అన్నాడు ఆ పొద్దున. "మా ఆఫీసులో 'ఫైలు పరిశీలనలో ఉంది' అని బోర్డుంటే, దాని కింద పెన్సిల్‌తో 'అంటే కనబడ్డం లేదు' అని రాశాను. అంతే!"

"అంతేనా?" అంది జీవరత్నం, పాలు తిరగబోస్తూ.

"అంతేనా అంటావేంటమ్మా! తెల్లారేసరికి ఊరంతా క్యూ కట్టింది. 'సలహా' అంటే ఏంటండీ అన్నాడొకడు. మనకి పనికిరాక ఎదుటివాడికి ఊరికే ఇచ్చేది అన్నాను. 'మొహమాటం' అన్నాడింకోడు. వద్దనలేక నాలుగో గారె తినడం అన్నాను. క్యూ బందరు దాకా పోయింది, రైళ్లు ఆపేశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? 'బిజీ' అంటే అర్థం కావాలని ఢిల్లీ నుంచి హెలికాప్టరొచ్చింది. చేతిలో ఫోను చూసుకుంటూ, వచ్చిన ఫోను ఎత్తకపోవడం అన్నాను. పైలట్ సిగ్గుపడి తన ఫోను కాలవలో గిరాటేశాడు!"

బల్ల చివర కూర్చున్న పక్కింటి అప్పయ్య మాత్రం నవ్వలేదు. ఒక్కడు నవ్వకపోయినా మూర్తికి తిక్క పుడుతుంది. ఇంకాస్త పెంచాడు.

"అదెంత! మొన్న పాలకాయతిప్పలో, కృష్ణ సముద్రంలో కలిసేచోట నిలబడి, 'హద్దు' అంటే పక్కవాడు దాటకూడనిది, మనం దాటొచ్చు అని గట్టిగా చెప్పాను. సముద్రం విని, తలొంచుకుని మూడు మైళ్లు వెనక్కి జరిగింది! పడవలన్నీ ఇసకలో కూలబడ్డాయి. జాలర్లు నా కాళ్లమీద పడ్డారు, దాన్ని మళ్లీ పిలవమని."

"పిలిచారా?" అంది జీవరత్నం.

"పిలిస్తే వచ్చింది, మళ్లీ ఏమంటానోనని బిక్కుబిక్కుమంటూ."

అప్పయ్య గ్లాసు కింద పెట్టాడు. "సముద్రమే మూడు మైళ్లు జరిగిందంటే మీ మాటకి బలం ఉందండీ. పోయిన నెల మీరు కట్టిన ప్రహరీ మా సందులోకి మూరెడు వచ్చింది. నా స్కూటరు పట్టట్లేదు. దానికీ ఓ మాట చెప్పండి, జరుగుతుంది."

కొట్టంతా గొల్లుమంది. మూర్తి చెవులు వేడెక్కాయి. ఆ మూరెడు సంగతి, గోడ కొలతకి తాడు పట్టిన రోజే ఆయనకి తెలుసు.

"రేపు మేస్త్రీని పిలుస్తాలే, అప్పయ్యా."

"'రేపు' అంటే ఏంటండీ?" అంది జీవరత్నం.

మూర్తికి జవాబు నోటిదాకా వచ్చింది. మింగేసి, అందరూ చూస్తుండగానే మేస్త్రీకి ఫోన్ కలిపాడు.